ఇరాక్ కువైట్ మీద ఎందుకు పడింది? మన బంగారం ఎందుకు తాకట్టుకి వెళ్లింది?

హరిత_గ్రూప్స్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్నాను. ఎకానమీ పుస్తకం ఏది తీసినా 1991 సంక్షోభం దగ్గర ఒకే ముక్క ఉంటుంది: గల్ఫ్ యుద్ధం వల్ల చమురు ధరలు పెరిగాయి, విదేశీ మారక నిల్వలు తరిగిపోయాయి. చరిత్ర పుస్తకంలో ఇంకో ముక్క: 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ని ఆక్రమించింది. ఈ రెండు ముక్కల మధ్య ఏం జరిగిందో ఎక్కడా దొరకడం లేదు. యూట్యూబ్‌లో సగం మంది ఇరాక్ అధ్యక్షుడు సద్దాంకి పిచ్చి అంటారు, మిగతా సగం మంది అమెరికా వల పన్నింది అంటారు.

మా అమ్మమ్మ వాళ్లది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. అక్కడ చాలా ఇళ్లకి కువైట్ సంబంధం ఉంది. "ఆ యుద్ధం అప్పుడు అందరూ కట్టుబట్టలతో వచ్చేశారే" అంటుంది కానీ అంతకు మించి ఆవిడకీ తెలియదు. అసలు ఇరాక్ ఎందుకు వెళ్లింది? ఆ యుద్ధం ఖర్చు చివరికి ఎవరి నెత్తిన పడింది? అప్పుడు అక్కడ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పగలరా?

నిజమే_చెప్తా

ఇందులో తెలుసుకోడానికి ఏముందండీ. ఆయిల్. అమెరికా రాయబారి ఏప్రిల్ గ్లాస్పీ 1990 జులై 25న సద్దాంని కలిసి, మీ అరబ్బుల సరిహద్దు గొడవల్లో మాకు ఏ అభిప్రాయమూ లేదని చెప్పింది. పచ్చజెండా ఊపినట్టే కదా. ఇతను లోపలికి దూరాడు, వాళ్లు వచ్చి బాంబులేశారు, గల్ఫ్‌లో సైనిక స్థావరాలు పెట్టుకున్నారు. మిగతాదంతా కథ.

రాజోలు_రిటర్న్

హరితమ్మా, నేను 1984లో కువైట్ వెళ్లాను. ఫహాహీల్ వైపు ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్ కీపర్ని. రాయబారి సంగతికి తర్వాత వస్తాను. ముందు అప్పు సంగతి చూడాలి. స్టోర్‌లో పనిచేసినవాడిని కాబట్టి నాకు ఏదైనా జమాఖర్చుల నుంచే అర్థమవుతుంది.

ఇరాక్-ఇరాన్ యుద్ధం 1980 సెప్టెంబరులో మొదలై 1988 ఆగస్టులో ఆగింది. ఇద్దరిలో ఎవరూ గెలవలేదు. సరిహద్దు ఎక్కడుందో అక్కడే ఉంది. ఇరాక్ నెత్తి మీద మాత్రం సుమారు 8,000 కోట్ల డాలర్ల అప్పు మిగిలింది. అందులో 1,400 కోట్ల దాకా కువైట్‌ది. సద్దాం ఏమన్నాడంటే, ఇరాన్ వాళ్లు మీ దాకా రాకుండా మా కుర్రాళ్లు చచ్చి ఆపారు, ఆ డబ్బుని అప్పు అనడానికి నోరెలా వచ్చింది అని. కువైట్ వాళ్లు అప్పు అప్పే అన్నారు. పైగా ముందు సరిహద్దు ఒప్పుకో, తర్వాత మాఫీ సంగతి మాట్లాడదాం అన్నారు. మన ఊళ్లో నీ పొలం కూడా నేనే కాపాడానని అన్న అంటుంటే, తమ్ముడు ప్రోనోటు తీసి చూపించినట్టు ఉంటుంది ఈ తగాదా.

అప్పు తీర్చాలంటే ఇరాక్ దగ్గర ఉన్నది చమురొక్కటే. 1990 మొదట్లో పీపా 20 డాలర్ల దగ్గర ఉన్న ధర జూన్‌కి 14కి పడిపోయింది. పీపాకి ఒక్క డాలరు తగ్గితే మాకు ఏడాదికి 100 కోట్ల డాలర్లు పోతాయని ఇరాక్ గోల. తగ్గడానికి కారణం? ఒపెక్ (చమురు ఎగుమతి దేశాల కూటమి) పెట్టిన కోటా దాటి తోడేస్తున్నవాళ్లలో ముందున్నది కువైట్, ఎమిరేట్స్. కువైట్ కోటా రోజుకి 15 లక్షల పీపాలు, తీసేది దానికి చాలా ఎక్కువ. ధర పడితే వాళ్లకి ఏం నష్టం లేదా అని నాకు అప్పట్లో అనుమానంగా ఉండేది. పెద్ద నష్టం లేదు. యూరప్‌లో వాళ్లకి సొంత రిఫైనరీలున్నాయి, క్యూ8 పేరుతో పెట్రోలు బంకులున్నాయి. విదేశాల్లో పెట్టిన పెట్టుబడుల మీద వచ్చే ఆదాయమే చమురు ఆదాయంతో పోటీ పడేది. ముడిచమురు చవకైతే ఇంకో చేత్తో లాభం. ఇరాక్‌కి ఆ రెండో చెయ్యి లేదు.

దీనికి తోడు రుమైలా చమురు క్షేత్రం. చాలా భాగం ఇరాక్‌లో ఉంది, దాని తోక కువైట్‌లోకి వస్తుంది. కువైట్ వాళ్లు ఏటవాలుగా బావులు తవ్వి మా చమురు లాగేస్తున్నారని ఇరాక్ ఆరోపణ. బుబియాన్, వర్బా దీవులు ఇస్తే సముద్రంలోకి దారి దొరుకుతుందని పాత ఆశ. కువైట్ ఒకప్పుడు బస్రాలో భాగమన్న వాదన 1961లోనే అక్కడి ప్రధాని కాసిం ఎత్తాడు. 1963లో ఇరాకే కువైట్‌ని స్వతంత్ర దేశంగా ఒప్పుకుంది కూడా. ఆ కాగితం మాటెత్తే ఓపిక 1990లో ఎవరికీ లేదు.

పుస్తకాల్లో అంతగా కనబడని కారణం ఇంకొకటి ఉంది. నాకది మా స్టోర్‌లోనే తెలిసింది.

ఆగస్టు 2 గురువారం. జులై జీతం శనివారం ఇస్తామన్నారు. గురువారం తెల్లవారకముందే ఇరాక్ ట్యాంకులు వచ్చేశాయి. మధ్యాహ్నానికి కువైట్ పాలకుడు అమీర్ సౌదీ వెళ్లిపోయాడని తెలిసింది, ఆయన తమ్ముడు షేక్ ఫహద్ దస్మాన్ ప్యాలెస్ దగ్గర కాల్పుల్లో చనిపోయాడు. జీతం సంగతి ఇంకెవరిని అడగాలి? కొన్నాళ్లకి మా యార్డుకి సైనిక లారీలు వచ్చాయి. జనరేటర్లు, ఏసీలు, రాగి కేబుల్ డ్రమ్ములు ఎక్కించమన్నారు. కాదంటే ప్రాణం పోతుంది, కానీ ఉత్తినే ఇస్తే రేపు కంపెనీ నన్ను దొంగ అంటుంది. ఇష్యూ వోచర్ బుక్ తీసి వాళ్ల నాయక్ (చిన్న హోదా సైనికుడు) ముందు పెట్టాను, సరుకు తీసుకున్నట్టు సంతకం చెయ్యమని. పక్కనున్న మలయాళీ ఫోర్‌మన్ నా చెయ్యి పట్టి లాగేస్తున్నాడు. ఆ నాయక్ నన్నొకసారి, పుస్తకాన్నొకసారి చూసి నవ్వి, అరబ్బీలో శుభ్రంగా సంతకం చేశాడు. "తీసుకున్నవారు" అన్న గడిలో పేరు, నంబరు కూడా రాశాడు. కార్బన్ కాపీ వాళ్లకిచ్చాను, అది జేబులో పెట్టుకున్నాడు!

చాయ్ ఇస్తే కూర్చుని మాట్లాడాడు. ఊరు నాసిరియా. ఎనిమిదేళ్లూ ఇరాన్ సరిహద్దులోనే. 1988లో ఇంటికి పంపుతారనుకున్నాడు. పంపితే ఉద్యోగం ఏది? యుద్ధం ఆగేనాటికి ఇరాక్ సైన్యం దాదాపు పది లక్షలు. అంతమందిని ఇంటికి పంపితే వీధుల్లో నిరుద్యోగులు, ఉంచితే జీతాలకి డబ్బు లేదు. "ఇంట్లో కూర్చోబెట్టలేక ఇక్కడికి తోలారు" అన్నాడు. నేను చదివిన కారణాలన్నిటికంటే ఈ మాటే నాకు ఎక్కువ నచ్చింది. ఒక యుద్ధంలో పెంచిన సైన్యం ఇంకో యుద్ధానికి కారణమైంది.

ఇప్పుడు రాయబారి సంగతి. గ్లాస్పీ ఆ మాట అనడం నిజమే, అమెరికా అప్పుడు ఖచ్చితంగా మాట్లాడలేదన్నదీ నిజమే. కానీ ఆవిడ కలిసేనాటికే ఇరాక్ దళాలు సరిహద్దు దగ్గర మోహరించి ఉన్నాయి. జులై 31న జెడ్డాలో కువైట్‌తో కూర్చున్న చర్చలు డబ్బు దగ్గరే తెగిపోయాయి. సద్దాం లెక్క తప్పు వేశాడు, వాళ్లు చెప్పి చేయించలేదు. అట్లాగని కువైట్‌ది తప్పే లేదని నేను అనను. కానీ కోటా దాటి చమురు తోడటం వేరు, పక్కింటి మీదకి ట్యాంకులు తోలడం వేరు. ఆ రెండూ ఒకే తక్కెడలో పెట్టేవాళ్లతో నాకు పడదు.

ఇక మా సంగతి. ఒక ఇరాకీ దినార్ ఒక కువైట్ దినార్‌తో సమానమని బాగ్దాద్ నుంచి ప్రకటన వచ్చింది. ముందు రోజు దాకా బజార్లో ఒక కువైట్ దినార్‌కి పదికి పైగా ఇరాకీ దినార్లు వచ్చేవి. అంటే ఒక్క ప్రకటనతో మేం దాచుకున్నది పదో వంతుకి దిగిపోయింది. దోచుకోవడానికి తుపాకీ కూడా అక్కర్లేదని అప్పుడు తెలిసింది. అప్పట్లో ఒక కువైట్ దినార్ అంటే మన 60 రూపాయల దాకా. మా రూమ్మేట్ చెల్లెలి పెళ్లికని దాచిన డబ్బు తలగడ కవర్లో ఉంది. నోట్లు అవే, అంకెలు అవే, కూరగాయల వాడి దగ్గర మాత్రం విలువ లేదు.

బస్సు మాట్లాడుకుని బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకి వెళ్లాం. రెండు దేశాల చెక్‌పోస్టుల మధ్య ఎడారిలో షాలాన్ అని గుడారాల శిబిరం. పగలు మాడు పగిలే ఎండ, రాత్రి చలి, తేళ్లు. నీళ్ల ట్యాంకర్ వస్తే బంగ్లాదేశ్ వాళ్లు, శ్రీలంక వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, మనవాళ్లు అందరం ఒకే తోపులాట. రొట్టెలు లారీ మీద నుంచి విసిరేవాళ్లు. జోర్డాన్ అంటే ఎంత దేశమమ్మా! అలాంటిది లక్షల మందిని తన గడ్డ మీదుగా పంపించింది. ఆ దేశానికి రావలసినంత పేరు రాలేదని నా బాధ. పైగా ఇరాక్ పక్షం వహించిందని గల్ఫ్ దేశాలు తర్వాత దానికి సాయం ఆపేశాయి.

అప్పటి విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ ఆగస్టులో బాగ్దాద్ వెళ్లి సద్దాంని కౌగిలించుకున్న ఫొటో వచ్చింది. దాని మీద మన దేశంలోనూ బయటా చాలా విమర్శలొచ్చాయి. ఎడారిలో టెంట్ కింద కూర్చున్నవాడిగా నేను మాత్రం ఒక్క మాట అనను. పాశ్చాత్య దేశాల వాళ్లని సద్దాం బందీలుగా పట్టుకున్న రోజుల్లో మమ్మల్ని వదిలారు. అమ్మాన్ నుంచి బొంబాయికి ఎయిరిండియా 488 ట్రిప్పులు వేసింది, లక్షా 11 వేల మందికి పైగా తెచ్చింది. ఆ లక్షలో నేనొకణ్ణి. చేతిలో ఒక బ్యాగు, అందులో రెండు లుంగీలు, వోచర్ బుక్. బొంబాయిలో మనీ చేంజర్ నా కువైట్ నోట్లు అటూ ఇటూ తిప్పి చూసి, దండం పెట్టి వెనక్కిచ్చాడు.

పాత_బ్యాంకు_బంటు

రాజోలు గారూ, వోచర్ మీద సంతకం పెట్టించారా! ఆడిట్‌లో మీలాంటి వాళ్లు దొరకరండీ.

హరిత గారి రెండో ప్రశ్నకి నేను కొంత చెప్తాను. అప్పుడు నేను నర్సాపురంలో ఒక బ్యాంకు బ్రాంచిలో పనిచేసేవాణ్ణి. కువైట్ డ్రాఫ్టులు ఆగస్టు నుంచి ఆగిపోయాయి. సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి కౌంటర్ దగ్గర బంగారం కుదువ పెట్టేవాళ్ల వరస. ఇల్లు సగం కట్టి ఉంటుంది, మేస్త్రీకి బాకీ, పిల్లకి సంబంధం ఖాయమై ఉంటుంది. కువైట్ నుంచి పంపిన గాజులే మళ్లీ మా తక్కెడ మీదకి వచ్చేవి.

దేశం సంగతీ దాదాపు అదే. కానీ మీ పుస్తకంలో వాక్యం తప్పుదోవ పట్టిస్తుంది. రోగం యుద్ధానిది కాదు, 1980ల నాటిది. లోటు బడ్జెట్లు, స్వల్పకాలిక విదేశీ అప్పులు, ప్రవాసుల డిపాజిట్ల మీద ఆధారపడటం, ఇవన్నీ ముందు నుంచీ ఉన్నాయి. ఆ మీద యుద్ధం వచ్చి పడింది. ఆగస్టుకి ముందు 20 డాలర్ల లోపున్న పీపా అక్టోబరులో 40 దాకా వెళ్లింది. మన చమురు దిగుమతుల బిల్లు ఆ ఏడాది సుమారు 200 కోట్ల డాలర్లు పెరిగింది. ఇక్కడ పెట్రోలు మీద గల్ఫ్ సర్‌చార్జి అని వేశారు. ఇరాక్, కువైట్‌లకి మన ఎగుమతులు నిలిచిపోయాయి, ఐక్యరాజ్యసమితి ఆగస్టు 6నే ఆంక్షలు పెట్టింది కదా. డాలర్లు పంపేవాళ్లు పంపలేకపోయారు. ఇవన్నీ చూసి డిపాజిట్లు పెట్టిన ప్రవాసులు భయపడి వెనక్కి తీసుకోవడం మొదలెట్టారు. 1991 జనవరి మధ్యకి నిల్వలు 90 కోట్ల డాలర్ల లోపుకి వచ్చాయి.

మే నెలలో 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్ బ్యాంకుకి వెళ్లింది. జూన్ 21న పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయ్యారు. జులైలో ఇంకో 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర కుదువ పెట్టి 40 కోట్ల డాలర్ల పైచిలుకు తెచ్చారు. ఆ జులై 1న, 3న రూపాయి విలువ తగ్గించారు. తర్వాత కథంతా మీ సిలబస్‌లో ఉంది.

ఒక రాజకీయ ముక్క కూడా గుర్తుంచుకోండి. 1991 జనవరిలో చంద్రశేఖర్ ప్రభుత్వం అమెరికా సైనిక విమానాలకి మన దగ్గర ఇంధనం పోయించింది. ఆగస్టులో సద్దాంతో కౌగిలింత, జనవరిలో అమెరికాకి పెట్రోలు. తిట్టినవాళ్లు చాలామంది. ఖజానా ఖాళీగా ఉన్నప్పుడు విదేశాంగ విధానం అట్లాగే ఉంటుంది. అదే జనవరిలో ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) దగ్గర అప్పు కూడా తీసుకున్నాం.

రాజంపేట_రేష్మా

ఇందులో ఆడవాళ్ల మాట రాలేదు. మా అమ్మ అప్పుడు కువైట్‌లో ఇంటి పని చేసేది. ఆగస్టు నెల, ఎండాకాలం సెలవులకి ఆ ఇంటివాళ్లు లండన్‌లో ఉన్నారు. చాలా కువైటీ కుటుంబాలు ఆ నెలలో ఊళ్లో ఉండవు. ఇంట్లో మా అమ్మ, శ్రీలంక ఆమె ఒకరు. ఇద్దరి పాస్‌పోర్టులూ బాబా (ఇంటి యజమాని) బీరువాలో, తాళం లండన్‌లో.

రాజోలు అంకుల్ వాళ్లకి కంపెనీ క్యాంపు ఉంది, తోటి మగవాళ్లున్నారు, ఎవరో ఒకరు బస్సు సంగతి చెప్తారు. మా అమ్మకి బయట ఏం జరుగుతుందో చెప్పే దిక్కు లేదు. గేటు తడితే తీయకుండా లైట్లు ఆర్పేసి మేడ మీద గదిలో కూర్చునేవాళ్లంట. సైనికులు ఒకసారి గోడ దూకి వచ్చి టీవీ, వీసీఆర్ పట్టుకుపోయారు, వీళ్లు నీళ్ల ట్యాంకు వెనక దాక్కున్నారు. బియ్యం, పప్పు డబ్బాలు ఇంట్లో ఉన్నాయి కాబట్టి బతికారు. చివరికి పక్క వీధిలో ఉండే ఒక పాలస్తీనా టీచరమ్మ తన కారులో మనవాళ్లుండే చోటుకి దించింది. అక్కడి నుంచి ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనివాళ్లకి ఇచ్చే తాత్కాలిక ప్రయాణ పత్రం) మీద వచ్చింది.

ఆ టీచరమ్మ గురించి చెప్పాలి. యుద్ధానికి ముందు కువైట్‌లో పాలస్తీనా వాళ్లు నాలుగు లక్షల దాకా ఉండేవాళ్లు. పాలస్తీనా నాయకుడు యాసిర్ అరాఫత్ సద్దాం వైపు మాట్లాడాడు కాబట్టి యుద్ధం అయ్యాక ఆ జనమందరి మీదా కక్ష. అక్కడే పుట్టి పెరిగినవాళ్లని కూడా ఉండనివ్వలేదు, చాలామంది జోర్డాన్ వెళ్లిపోయారు. మా అమ్మ 1992లో మళ్లీ అదే ఇంటికి పనికి వెళ్లింది. అప్పు తీరలేదు, ఏం చేస్తుంది? వెళ్లాక ఆ వీధికి పోయి చూస్తే టీచరమ్మ ఇంట్లో వేరేవాళ్లున్నారంట. ఆ ఖాళీల్లోకి మనవాళ్లు, ఈజిప్టు వాళ్లు వచ్చారు. రాజంపేట, రాయచోటి వైపు నుంచి వీసాలు ఎక్కువగా మొదలైంది ఆ తర్వాతే అని మా ఊళ్లో పెద్దవాళ్లంటారు. ఒకళ్లని తరిమితే మాకు పని దొరికింది. సంతోషపడాలో ఏమో మా అమ్మకి ఇప్పటికీ అర్థం కాదు.

నిజమే_చెప్తా

ఇవన్నీ సరే. ఇరాక్ మీద వేసిన బాంబుల మాటేంటి? బాగ్దాద్‌లోని అమీరియా షెల్టర్‌లో 1991 ఫిబ్రవరి 13న 400 మందికి పైగా మామూలు జనం కాలి చనిపోయారు. అది ఎవరి లెక్కలో రాస్తారు? ఆంక్షల వల్ల అయిదు లక్షల మంది పిల్లలు పోయారు కదా.

హరిత_గ్రూప్స్

ఇంత వివరంగా వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. రాజోలు అంకుల్, ఇంకో సందేహం. ఇరాక్ నష్టపరిహారం కట్టిందని చదివాను. మీలాంటి వాళ్లకి నిజంగా వచ్చిందా? ఓడిపోయిన దేశం, ఆంక్షల్లో ఉన్న దేశం, అంత డబ్బు ఎక్కడి నుంచి తెచ్చింది?

రాజోలు_రిటర్న్

రేష్మా గారూ, మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. మాకంటే ఎక్కువ కష్టం ఆ ఇళ్లల్లో ఉన్న ఆడవాళ్లదే. షాలాన్‌లో కూడా వాళ్లని చూశాం, పాస్‌పోర్టు లేదు, రాసి పెట్టుకున్న చిరునామా లేదు.

నిజమే చెప్తా గారూ, అమీరియా మీద నేను వాదించను, అది జరిగింది. మీరు చెప్పిన అయిదు లక్షల లెక్క మాత్రం 1990ల్లో ప్రచారమైంది, తర్వాత చేసిన సర్వేల్లో నిలబడలేదు. ఆ లెక్క లేకపోయినా ఆంక్షలు మంచివైపోవు. పదమూడేళ్లు నడిచాయి, 1990 నుంచి 2003 దాకా. టీచర్ల జీతం నెలకి నాలుగైదు డాలర్లకి దిగిపోయింది. బాగ్దాద్‌లో ముతనబ్బీ వీధి అని పుస్తకాల బజారుంది, ప్రొఫెసర్లు సొంత పుస్తకాలు తెచ్చి అమ్ముకున్న రోజులవి. అక్కడ ఐక్యరాజ్యసమితి సహాయ కార్యక్రమం చూసే డెనిస్ హాలిడే 1998లో ఇది నావల్ల కాదని రాజీనామా చేశాడు. సద్దాం మాత్రం రాజభవనాలు కట్టుకుంటూనే ఉన్నాడు.

హరితమ్మా, పరిహారం వచ్చింది. జెనీవాలో ఐక్యరాజ్యసమితి కమిషన్ ఒకటి పెట్టారు. కువైట్ వదిలి వెళ్లాల్సి వచ్చినవాళ్లకి ఒక్కో మనిషికి 4,000 డాలర్లు, కుటుంబానికి 8,000, ఇంకే క్లెయిమూ పెట్టకపోతే. పెడితే 2,500, 5,000. నేను సామానూ బ్యాంకు డబ్బూ అంటూ లెక్కలు తీయకుండా 4,000 మీదే సంతకం పెట్టాను. ఫారాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం, ఆగస్టు 2న అక్కడున్నట్టు కాగితం చూపించడం, బ్రోకర్లు మధ్యలో దూరడం, అదంతా రాస్తే ఇంకో పుస్తకమవుతుంది. 1990ల చివర్లో రెండు విడతలుగా వచ్చింది. మా కంపెనీ యజమాని కూడా తన క్లెయిమ్ కోసం నా వోచర్ బుక్ తెప్పించుకున్నాడు. జిరాక్స్ తీయించుకుని అసలుది వెనక్కి పంపాడు, జీతం బాకీ మాత్రం పంపలేదు.

డబ్బు ఎక్కడిదంటావా, అక్కడికే వస్తున్నాను. 1995లో చమురుకి ఆహారం అని ఒక పథకం తెచ్చారు, 1996 డిసెంబరు నుంచి నడిచింది. ఇరాక్ చమురు అమ్ముకోవచ్చు, డబ్బు ఐక్యరాజ్యసమితి ఖాతాలో పడుతుంది, దానితో తిండీ మందులూ కొనాలి. ఆ డబ్బులో 30 శాతం ముందే పక్కకి తీసి పరిహారానికి. 2000లో దాన్ని 25 చేశారు, 2003లో సద్దాం పదవి పోయాక 5కి దించారు. అంటే నాకొచ్చిన 4,000 డాలర్లు సద్దాం జేబులోంచి రాలేదు. ఆ నాసిరియా నాయక్ ఇంట్లో పాలపొడికి పోవలసిన దాంట్లోంచి వచ్చింది. అతను బతికుంటే. 1991 ఫిబ్రవరిలో కువైట్ నుంచి వెనక్కి పోతున్న ఇరాక్ సైన్యాన్ని ముత్లా దగ్గర రోడ్డు మీదే అమెరికా కూటమి విమానాలు కాల్చేశాయి. మార్చిలో దక్షిణాన తిరుగుబాటు జరిగితే సద్దాం నాసిరియా లాంటి ఊళ్లని అణిచేశాడు.

మొత్తం పరిహారం 5,240 కోట్ల డాలర్లు, పదిహేను లక్షల మందికి. చివరి కిస్తీ 2022 మొదట్లో కట్టారు. ఆఖరున తీరింది కువైట్ పెట్రోలియం కార్పొరేషన్ వాళ్ల 1,470 కోట్లు, అన్నిటికంటే పెద్ద క్లెయిమ్ అదే. ఇరాక్ సైన్యం పోతూ పోతూ 600కి పైగా చమురు బావులకి నిప్పు పెట్టింది, నవంబరు దాకా ఆర్పుతూనే ఉన్నారు. నేను 1992లో తిరిగి వెళ్లేసరికి బుర్గాన్ చమురు క్షేత్రం వైపు ఇసుకలో ఇంకా నల్లటి చమురు చెరువులున్నాయి. కాబట్టి వాళ్లకి ఇవ్వకూడదని అనలేను. కానీ చూడమ్మా, 1990లో పుట్టిన ఇరాకీ పిల్లాడికి ఆ బాకీ తీరేనాటికి ముప్ఫై దాటాయి.

యెమెన్ సంగతి కూడా నీ నోట్స్‌లో రాసుకో, దాన్ని ఎవరూ తలవరు. 1990 నవంబరు 29న భద్రతా మండలిలో 678 తీర్మానం వచ్చింది. జనవరి 15 లోపు ఇరాక్ ఖాళీ చేయకపోతే బలం వాడొచ్చని. యెమెన్, క్యూబా వద్దని ఓటేశాయి. అమెరికా వెంటనే యెమెన్‌కి సాయం కోసేసింది. సౌదీ అయితే అంతకు ముందే యెమెన్ కూలీల మీద ఆంక్షలు పెట్టి లక్షల మందిని వెళ్లగొట్టింది. వాళ్లకి ఎయిరిండియా లేదు, పరిహారం ఫారం ఉందో లేదో తెలియదు. ఇప్పుడు యెమెన్ ఎలా ఉందో చూస్తున్నాం.

పాత_బ్యాంకు_బంటు

సౌదీలో అమెరికా సైన్యం దిగడం, దాని మీద బిన్ లాడెన్ కోపం, ఆ తర్వాత జరిగినవీ కూడా ఇదే ఖాతాలో రాయాలి కదండీ. 2003లో ఇరాక్ మీద అమెరికా దాడి కూడా.

రాజోలు_రిటర్న్

రాయాలండీ. అవి మొదలుపెడితే ఈ రాత్రికి అవదు. మీరు రాయండి, మీకు ఓపికుంది.

హరిత_గ్రూప్స్

అంకుల్, అడగొచ్చో లేదో. ఆ డబ్బు ఎక్కడిదో తెలిశాక మీకేమనిపించింది?

రాజోలు_రిటర్న్

తీసుకునేటప్పటికే తెలుసు, పేపర్లో చదివాను. తీసుకున్నాను. ఇంటికి స్లాబ్ వేశాం, మిగిలింది పెద్దమ్మాయి పెళ్లికి. వద్దనేంత స్థితి నాకు లేదు, వద్దన్నా ఆ డబ్బు నాసిరియా వెళ్లదు.

పరీక్షలో ఇదంతా రాయకు, మార్కులు రావు. ఒకటి మాత్రం చెయ్యి. జవాబు 1990 ఆగస్టుతో మొదలెట్టకు, 1988 ఆగస్టుతో మొదలెట్టు. కాల్పుల విరమణ, అప్పు, పది లక్షల సైన్యం, 14 డాలర్ల పీపా. అక్కడి నుంచి వరసగా వచ్చేస్తుంది. బంగారం అంకెలు బ్యాంకు గారివి రాసుకో, ఆయనవి నమ్మొచ్చు.